ఇక ఎదగడు

మా ఇంటి ముందు గడ్డిలో పాతిన ఏడో నంబరు బోర్డును డార్లా వచ్చి పెరికి తీసుకుపోయింది. నవంబరు నెల, శనివారం ఉదయం. మా ఊరు కోల్టర్‌లో ఫుట్‌బాల్, అదే చేత్తో బంతి విసిరే అమెరికా ఫుట్‌బాల్, ఆడే ప్రతి కుర్రాడి ఇంటి ముందూ అలాంటి బోర్డు ఉంటుంది. ఆగస్టులో తల్లుల సంఘం వాళ్ళు చెక్క కోసి, నీలం రంగు వేసి, పేరూ నంబరూ రాసి పాతుతారు. సీజను ముగిశాక ఎవరి బోర్డు వాళ్ళకే. కొందరి గరాజుల్లో తాతల నాటి బోర్డులు కూడా గోడకు వేలాడుతుంటాయి.

"ఏమీ అనుకోకు లియోనా," అంది డార్లా, తోటపని తొడుగులు వేసుకుంటూ. "చెక్క బాగుంది. వచ్చే వారం పెద్ద ఆటకి మా కేల్‌కి పెద్ద బోర్డు పెట్టాలని అందరూ ఒకటే గొడవ. ఉన్నదాన్ని పెట్టుకుని మళ్ళీ కొత్తది కోయించడమెందుకు? దీన్నే తిప్పి, వాడిదానికి జోడించి రాసేస్తే పోలా."

కేల్ ఆమె కొడుకు, పదో తరగతి. డాల్టన్ నా కొడుకు. వాడు నా వెనక గుమ్మంలో నిలబడి గిన్నెలోని పాలూ అటుకులూ తింటున్నాడు.

"కింద మేకులు పొడుచుకొచ్చి ఉంటాయి ఆంటీ," అన్నాడు. "కాలికి తగులుతాయి. చూసుకుని పట్టుకో."

"బంగారు తండ్రివిరా," అంది డార్లా. బోర్డును ట్రక్కులో బోర్లా పడేసి వెళ్ళిపోయింది. గడ్డిలో రెండు రంధ్రాలు మిగిలాయి. సాయంత్రం మా ఆయన ఎల్డన్ వాటిలో మట్టి పోసి బూటుతో తొక్కాడు.

ఆ సీజను ఎలా మొదలైందో చెప్తాను.

డాల్టన్ అప్పుడు పదకొండో తరగతి, ఆడటానికి ఇక మిగిలింది ఆ ఒక్క సీజనే. అది మా ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నప్పుడు న్యుమోనియా వచ్చినందువల్ల వాణ్ణి బడిలో ఒక ఏడు ఆలస్యంగా వేశాం. తర్వాత ఎనిమిదో తరగతి అన్ని సబ్జెక్టుల్లోనూ పాసైనవాణ్ణి మళ్ళీ అదే తరగతిలో కూర్చోబెట్టాం. జట్టులో బంతి విసిరేది ఒక్కడే, అలాంటి కొడుకులున్న తండ్రులు మా వైపు చాలామంది చేసే పనే అది. ఒక ఏడు ఆపితే కుర్రాడు తన తరగతి వాళ్ళకంటే పొడుగ్గా, బరువుగా కనిపిస్తాడు. విశ్వవిద్యాలయాల వాళ్ళు వయసు చూడరు, తరగతి చూస్తారు. ఇది కోచ్ ప్రూయిట్ ఎల్డన్‌కు చెప్పిన మాట. బడిలో టీచర్ని కదా, నేను వద్దన్నాను. "నువ్వు పాఠాలు చూసుకో. భుజం సంగతి మేం చూసుకుంటాం," అన్నాడు ఎల్డన్.

సెప్టెంబరు ఒకటి నాటికి పంతొమ్మిది నిండినవాణ్ణి మా రాష్ట్రంలో బడి జట్టులో ఆడనివ్వరు. ఆగస్టులో పుట్టినవాడు, రెండేళ్ళు వెనకబడినవాడు. పన్నెండో తరగతిలో వాడికి ఆట లేదు. కోచ్‌కి ఆ సంగతీ తెలుసు. "పదకొండులోనే విశ్వవిద్యాలయం నుంచి ఉచిత చదువుకు ఆఫర్ వచ్చేస్తుంది ఎల్డన్," అన్నాడు. "ఆఫర్ చేతిలో పెట్టుకుని పన్నెండులో ఆడి మోకాలు విరగ్గొట్టుకోవడం ఎందుకు చెప్పు?"

ఎనిమిదిలో ఆపకపోయినా డాల్టన్ ఆ ఏడు ఆడేవాడే, పన్నెండో తరగతిలో. అదే భుజం, అదే వయసు. పేరు పక్కన రాసే తరగతి ఒక్కటే తగ్గింది.

ఆగస్టు ఎండలో సాధన చూడటానికి మగవాళ్ళంతా కంచె దగ్గర చేరేవాళ్ళు. నేను బడి నుంచి ఇంటికి వెళ్తూ కారు ఆపి కాసేపు చూసేదాన్ని. డాల్టన్ రెండడుగులు వెనక్కి వేసి, మడమ మీద తిరిగి, చెవి పక్క నుంచి బంతి వదిలేవాడు. మైదానం అవతలి కొసన పరిగెత్తుతున్నవాడు తల తిప్పకుండానే చేతులు చాపితే బంతి వచ్చి వాటిలో పడేది.

"ఈడు విసిరితే బంతి ఈల వేస్తుందిరా," అన్నాడు ఒక ముసలాయన.

"ఈల కాదు మావా, నీ చెవి మిషను," అన్నాడు పక్కవాడు.

"టీచరమ్మా, వచ్చే ఏడు టీవీలో చూడాల్సిందే మీవాణ్ణి. అప్పుడు మమ్మల్ని పలకరిస్తారా?"

"పరీక్ష పేపర్లు దిద్దటం అయ్యాక పలకరిస్తాను," అన్నాను. అందరూ నవ్వారు. ఆ నెలలో నాకూ నవ్వు తేలిగ్గానే వచ్చేది.

మొదటి నాలుగు ఆటలూ గెలిచారు. ఉత్తరాన ఉన్న ఒక విశ్వవిద్యాలయం నుంచి సహాయ కోచ్ ఒకాయన ఫోను చేసి, ఆఫర్ గురించి మాట్లాడదామన్నాడు. ఎల్డన్ జిన్నింగు మిల్లులో ఫోర్‌మన్. ఆ వారమంతా మిల్లుకు ఆ విశ్వవిద్యాలయం టోపీ పెట్టుకుని వెళ్ళాడు. సెప్టెంబరు చివర్లో మెరిక్ వచ్చాడు.

మెరిక్ ఏ కాలేజీవాడూ కాదు. ఊరూరా తిరిగి బంతి విసిరే కుర్రాళ్ళను చూస్తాడు, కొలుస్తాడు, తన సైటులో స్టార్లు వేస్తాడు. అతను నాలుగు స్టార్లు వేసిన కుర్రాడి గుమ్మంలో కోచ్‌లు నిలబడి ఉంటారు. రెండు వేస్తే ఫోను ఎత్తరు. ఎల్డన్ అతన్ని భోజనానికి పిలిచాడు. పొద్దుటి నుంచీ పెరట్లో పొగ పెట్టి మాంసం మగ్గబెట్టాడు. నేను బీన్స్ వండి, ఆప్రికాట్ పెట్టి కొలాచీలనే తీపి బన్నులు కాల్చాను.

మెరిక్ లావుగా, మెత్తగా మాట్లాడే మనిషి. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ప్రార్థన అయ్యేదాకా కళ్ళు మూసుకునే ఉన్నాడు. తర్వాత జేబులోంచి కొలిచే టేపు తీసి పళ్ళెం పక్కన పెట్టుకున్నాడు.

"చెయ్యి చాపు బాబూ. వేళ్ళు విడదీసి. ఆఁ. బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా... తొమ్మిదిన్నర అంగుళాలు. బాగానే ఉంది. వానలో కూడా జారదు."

"వానలో ఆడిన ఆట వీడియో పంపాను మీకు," అన్నాడు ఎల్డన్.

"చూశానండి. మేడమ్, ఏమీ అనుకోకపోతే, ఒకసారి లేచి నిలబడతారా?"

బీన్స్ గిన్నె నా చేతిలోనే ఉంది. దానితోనే లేచి నిలబడ్డాను. గుర్రప్పిల్లను కొనడానికి వచ్చినవాడు తల్లి గుర్రాన్ని చూసినట్టు పాదాల నుంచి పైకి చూశాడు.

"థాంక్సండీ. మీ నాన్నగారు పొడుగా?"

"నాకంటే కాస్త పొడుగు."

"మావాళ్ళంతా ఆరడుగులు దాటినవాళ్ళే," అన్నాడు ఎల్డన్. "ఈవిడ పొట్టి దీన్లోకి రాదు."

"వస్తుందండి. తల్లి ఎప్పుడూ లెక్కలోకి వస్తుంది." డాల్టన్ వైపు తిరిగాడు. "బూట్లు ఏ సైజు బాబూ?"

"పన్నెండు సార్."

"కిందటేడు?"

"పన్నెండే సార్."

"అంతకు ముందేడు?"

డాల్టన్ నా వైపు చూశాడు. వాడి బూట్లు కొనేది నేను.

"పన్నెండే," అన్నాను.

మెరిక్ తలాడించి మాంసం ముక్క కోసుకున్నాడు. నిదానంగా నమిలాడు. "గడ్డం గీసుకోవడం ఎప్పుడు మొదలెట్టావు?"

ఎల్డన్ నవ్వాడు. "అదేం ప్రశ్నండీ. పెళ్ళిచూపులకి వచ్చినట్టుంది."

"తొమ్మిదో తరగతిలో సార్," అన్నాడు డాల్టన్. "రోజూ గీసుకోవాలి. ఒక్క రోజు మానేసినా కోచ్ ఊరుకోడు."

"పుట్టినరోజు?"

"ఆగస్టు," అన్నాడు ఎల్డన్. "మొన్ననే కేక్ కోశాం. లియోనా, కొలాచీలు వడ్డించు."

"సంవత్సరం కుర్రాణ్ణి చెప్పనివ్వండి."

డాల్టన్ చెప్పాడు. మెరిక్ మనసులో లెక్క వేసుకున్నాడు. ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. టేపు చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు. వచ్చిన పని అయిపోయిందని నాకు అప్పుడే అర్థమైంది.

"రూలుకు వ్యతిరేకమేం కాదు," అన్నాడు ఎల్డన్.

"కాదండి. నేనూ తప్పన్లేదు. మీలాంటి తండ్రులు వారానికొకరు కనిపిస్తారు నాకు." కొలాచీ తుంచాడు. "పదహారేళ్ళవాడు ఇలా విసిరాడనుకోండి, రేపు ఎలా ఉంటాడోనని నాకు రాత్రి నిద్రపట్టదు. పద్దెనిమిదేళ్ళవాడు ఇలా విసిరితే మంచిదే. కానీ ఇంతే. ఎముక ఎదగడం అయిపోయింది. అవతల వాళ్ళంతా పదహారేళ్ళ పిల్లలు. పెద్దమనిషి పిల్లల మీద గెలుస్తుంటే ఎంత గెలిచాడని రాయను?"

"కుర్రాడు ఇక్కడే ఉన్నాడు," అన్నాను.

"ఉన్నాడు మేడమ్. చాటున చెప్పడం నాకు అలవాటు లేదు. ఇవి ఆప్రికాటా? నిజంగా చాలా బాగున్నాయి. దారిలో తినడానికి ఇంకో రెండు కట్టి ఇస్తారా?"

కట్టి ఇచ్చాను.

అతని కారు మలుపు తిరగకముందే ఎల్డన్ మొదలుపెట్టాడు. "పదహారు అనలేకపోయావా? నోటికేం వచ్చింది?"

"అబద్ధం చెబితే తోలు తీస్తానని చిన్నప్పటి నుంచీ నువ్వే కదా నాన్నా అంటున్నావు."

"తెలివి ఉండాలిరా. పొడుగు మీ అమ్మది వచ్చింది, తెలివైనా రాలేదు."

డాల్టన్ పళ్ళేలు తీసి సింకులో పెట్టాడు. నాకంటే వాడు ఒక అడుగు పొడుగు.

మెరిక్ రాసింది రెండు రోజుల్లో వచ్చింది. రెండు స్టార్లు, వయసు, కింద ఒకటే వాక్యం: ఇప్పటికే పూర్తిగా ఎదిగిన ఆటగాడు, ఇక ఎదగడు. ఉత్తరాది కోచ్ ఫోను ఎత్తడం మానేశాడు. ఎల్డన్ మెసేజీలు పెట్టాడు. తర్వాత మా చర్చి పాస్టరు చేత పెట్టించాడు. జవాబు రాలేదు. టోపీ మాత్రం ఇంకొన్నాళ్ళు పెట్టుకున్నాడు.

మా పక్క ఊరి పిల్లలు కూడా ఆ వాక్యం చదివారు. అక్టోబరులో వాళ్ళ జట్టు మా మైదానానికి వచ్చింది. వాళ్ళ వైపు గ్యాలరీ అంతా తెల్ల విగ్గులు, దూది గడ్డాలు, చేతికర్రలు. ఒక అమ్మాయి తన నాయనమ్మ వాకరు పట్టుకొచ్చి దాన్ని మోగిస్తూ కూర్చుంది.

డాల్టన్ మైదానంలోకి రాగానే ఒకే గొంతుతో అందుకున్నారు. "తా-తా! తా-తా!"

"పళ్ళసెట్టు జాగ్రత్త తాతా!"

"పింఛను వచ్చిందా తాతా? మనవలు బాగున్నారా?"

"మోకాలికి నూనె రాసుకొచ్చావా?"

మైదానంలో గజాలు కొలిచే గొలుసు పట్టుకునేది మా ఊరి మగవాళ్ళే. ఎల్డన్ పన్నెండేళ్ళుగా ఆ పని చేస్తున్నాడు. గొలుసు పట్టేవాళ్ళు నిలబడేది అవతలి జట్టు వైపు. ఆ గ్యాలరీ సరిగ్గా ఎల్డన్ నెత్తి మీద ఉంది. ఇటు నుంచి నాకు అతని వీపు, నారింజరంగు చొక్కా కనిపిస్తున్నాయి. ఒక్కసారి కూడా తల తిప్పలేదు. డాల్టన్ నవ్వడానికి ప్రయత్నించాడు. ఒకసారి నడుం పట్టుకుని ముసలివాడిలా రెండడుగులు వేసి చూపించాడు కూడా. అందుకు వాళ్ళు ఇంకా రెచ్చిపోయారు. తర్వాత వాడు విసిరిన బంతి వాళ్ళ కుర్రాడి చేతిలో పడింది. తర్వాతిదీ అంతే. ఓడిపోయాం.

నా వెనక వరసలో ఎవరో నవ్వుతూ మెల్లగా అన్నారు: "తాతే కదరా మరి." ఆ నవ్వు మా వాళ్ళదే.

సోమవారం నా ఖాళీ పీరియడులో కోచ్ ప్రూయిట్ నా తరగతికి వచ్చాడు. కుర్రాళ్ళ బల్లలు అతనికి చాలవు. ఒకదాని అంచు మీద కూర్చున్నాడు.

"టీచరుగారూ, ఈ శుక్రవారం నుంచి డాల్టన్ బదులు కేల్ బంతి విసురుతాడు. మీకు ముందే చెబుదామని."

"రెండు బంతులు పోయినందుకా?"

"అందుకు కాదు. డాల్టనే మేలు, ఇవాళ్టికి. కానీ వచ్చే ఏడు డాల్టన్ ఉండడు. కేల్ ఇంకో రెండేళ్ళు ఉంటాడు. ఆఫర్ వచ్చేదుంటే మీవాణ్ణి ఆడించేవాణ్ణి. అది రాదని తేలిపోయింది. ఇక మీవాడికిచ్చే ప్రతి ఆటా కేల్ దగ్గర లాక్కున్నట్టే కదండీ."

"ఎనిమిదిలో ఆపమన్నది మీరు."

"అన్నాను. పదిమందికి చెప్పాను. నలుగురికి ఫలించింది." బల్ల అంచు మీంచి లేచాడు. "డాల్టన్ మంచి పిల్లాడు. కేల్‌కి అడుగులు నేర్పిస్తే బాగుంటుంది. అడిగి చూస్తారా?"

నేను అడగలేదు. అతనే అడిగాడు. డాల్టన్ నేర్పించాడు. మూడు వారాలు సాయంత్రం పూట కేల్ వెనక నిలబడి, వాడి తుంటి పట్టుకుని తిప్పి, మడమ ఎక్కడ పెట్టాలో చూపించడం నేను కారులోంచి చూశాను. కేల్ గెలుస్తూ వచ్చాడు. కంచె దగ్గర మగవాళ్ళు వాడి బంతి కూడా ఈల వేస్తుందన్నారు.

సొంత మైదానంలో చివరి ఆట రోజున, ఆట మొదలయ్యే ముందు, పన్నెండో తరగతి కుర్రాళ్ళు తల్లిదండ్రుల చేతులు పట్టుకుని మైదానం మధ్యదాకా నడుస్తారు. మైకులో పేర్లు చదువుతారు. తల్లులకు పూలిస్తారు. ఆ పూలిచ్చేది పన్నెండో తరగతి టీచర్లు. నేను గులాబీల బకెట్టు పక్కన నిలబడ్డాను.

నడిచినవాళ్ళంతా డాల్టన్‌తో పాటు ఒకటో తరగతిలో కూర్చున్నవాళ్ళు. వెస్ మా ఇంట్లో దోమతెర కింద ఎన్నిసార్లు నిద్రపోయాడో. వాళ్ళమ్మ గులాబీ తీసుకుని నన్ను కావలించుకుంది.

"ఏడవనని ఒట్టేసుకొచ్చాను లియోనా, చూడు," అంది. "వచ్చే ఏడు డాల్టన్‌ది కదా. నీ పక్కన నిలబడి నేనూ ఏడుస్తాలే."

"పువ్వు కింద పడింది," అన్నాను. వంగి తీసి ఇచ్చాను.

డాల్టన్ బెంచీ దగ్గర హెల్మెట్ చేత్తో పట్టుకుని ప్రతి పేరుకూ చప్పట్లు కొట్టాడు.

ఆ ఆట మాదే అయింది. చివర్లో గడియారంలో కాసింత సమయం మిగిలింది. గెలుస్తున్న జట్టు అప్పుడు చేసేది ఒక్కటే. బంతి అందుకుని, ఒక మోకాలు నేలకు ఆనిస్తే చాలు, ఆట అయిపోయినట్టే. దానికి విసరడం రానక్కర్లేదు. కోచ్ ప్రూయిట్ కేల్‌ను వెనక్కి పిలిచి డాల్టన్ భుజం తట్టాడు. మంచి పని చేస్తున్నానని అతను అనుకున్నాడు. ఊళ్ళో చాలామంది అలాగే అనుకున్నారు. చప్పట్లు కొట్టారు. "తాతకి కుర్చీ వెయ్యండ్రా," అని మా గ్యాలరీలోంచే ఎవరో అరిచారు. ఎవరూ వారించలేదు.

డాల్టన్ వెళ్ళి నిలబడ్డాడు. బంతి చేతికొచ్చింది. మోకాలు నేలకు ఆనించాడు. లేచి, బంతిని తుడిచి రెఫరీ చేతిలో పెట్టాడు. జట్టంతా ఒకరి మీద ఒకరు పడుతుంటే వాడు పక్కగేటు గుండా బయటికి నడిచాడు. అవతలి వైపు ఎల్డన్ గొలుసు చుట్టుకుంటున్నాడు.

మర్నాడు పొద్దున డార్లా బోర్డు కోసం వచ్చింది.

సోమవారం డాల్టన్ బడికి రాలేదు. ఎల్డన్‌తో కలిసి ట్రక్కులో జిన్నింగు మిల్లుకు వెళ్ళాడు. పత్తి వచ్చే రోజులు, మనుషులు కావాలి. సాయంత్రం ఇద్దరూ కనుబొమల మీద దూదితో తిరిగొచ్చారు.

"ఏడు మధ్యలో చదువు మానేస్తాడా?" అని ఎల్డన్‌ను అడిగాను.

"పద్దెనిమిదేళ్ళవాడు. వాడిష్టం," అన్నాడు. "వాడి ఈడువాళ్ళంతా పనుల్లోకి వెళ్ళే వయసే."

"వాళ్ళింకా బడిలోనే ఉన్నారు. మేలో పట్టా తీసుకుంటారు."

ఎల్డన్ పళ్ళెం జరుపుకున్నాడు. డాల్టన్ ఇంకో రొట్టె తీసుకున్నాడు. ఎల్డన్ అన్నాడు, "కోచ్ కనిపించాడు. పెద్ద ఆటకి ముందు రెండు రోజులు వీడు వచ్చి కేల్‌తో నిలబడతాడా అని అడిగాడు."

"నువ్వేమన్నావు?" అన్నాను.

"అడిగి చెప్తానన్నాను."

"ఆ కుర్రాడికి పదిహేనే కదా నాన్నా," అన్నాడు డాల్టన్. రొట్టె తుంచి మాంసం రసంలో ముంచాడు. "ఇంకా ఎదుగుతాడు. అప్పుడే తొందరేముంది. ఒక ఏడు ఆపమను."

ఎల్డన్ లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. మిల్లులో వాళ్ళిద్దరూ పక్కపక్కనే పనిచేస్తారు. ఆ చప్పుడులో మాట వినపడదు, చేతులతో సైగ చేసుకోవాలి. ఇంట్లో కూడా అంతకంటే ఎక్కువేం మాట్లాడుకోరు.

వసంతంలో పోయిన పాఠాలన్నీ వంటింట్లో కూర్చోబెట్టి చెప్పి, వాడి చేత పదకొండో తరగతి పరీక్షలు రాయించాను. పాసయ్యాడు. మేలో వెస్ వాళ్ళు పట్టాలు తీసుకున్నారు. ఆగస్టులో డాల్టన్‌కు పంతొమ్మిది నిండాయి. కేక్ వద్దన్నాడు. ఇప్పుడు డార్లా ఇంటి ముందు ఉన్న పెద్ద బోర్డు వెనక వైపున పాత నీలం రంగు మీద ఏడంకె వంపు ఇంకా కనిపిస్తుంది. బడికి వెళ్ళే దారి అదే.

ఆట ఆడకూడదు గానీ, బడిలో చదువుకు ఇరవై ఒకటి నిండేదాకా, ఇంకా రెండేళ్ళ గడువుంది. పట్టాకు మిగిలినవి మూడే: పౌరశాస్త్రం, ఇంగ్లీషు, ఇంకొక గణితం. మా బడిలో పౌరశాస్త్రం చెప్పేది నేనొక్కదాన్నే. నా తరగతిలో కిటికీ పక్కన ఒక బల్ల ఖాళీగా పెట్టాను. డాల్టన్ పన్నెండో తరగతిలో ఇంకా చేరలేదు.